‘హమ్మయ్య’ అన్న మాటలో ఏముంది?

తాళం చెవి దూర్చాక తలుపును కాస్త మన వైపు లాగి పట్టుకుని తిప్పాలి. లేకపోతే తాళం తెరుచుకోదు. ఈ సంగతి ఎక్కడా రాసి పెట్టలేదు, ఎవరికీ నేర్పనూ లేదు. పది రోజుల ప్రయాణం ముగించుకుని, అర్ధరాత్రి, భుజాన సంచితో, మూతలు పడుతున్న కళ్లతో గుమ్మం ముందు నిలబడ్డా చెయ్యి తనంతట తానే ఆ పని చేసేస్తుంది. లోపల చీకటి. అయినా చెయ్యి గోడంతా తడమదు, నేరుగా స్విచ్చు మీదే పడుతుంది. సంచి దించుతాం, చెప్పులు విడుస్తాం. అప్పుడు పిలవకుండానే ఒక మాట నోటికి వస్తుంది: హమ్మయ్య.

నిజానికి ఆ మాట అక్కడ రావడానికి కారణం కనిపించదు. వదిలి వచ్చిన గదిలో పరుపు మన పరుపు కంటే మెత్తన. అక్కడ పక్క ఎవరో సర్ది పెట్టేవారు, ఇక్కడ దుప్పటి మనమే దులుపుకోవాలి. పైగా ఆ ప్రయాణం కోసం నెలల తరబడి ఎదురు చూసింది మనమే. మనం లేని ఈ పది రోజుల్లో ఇల్లు చేసిందల్లా దుమ్ము పట్టడం. మరి ఈ హాయి ఎక్కడి నుంచి వచ్చినట్టు?

‘సొంత ఇల్లు కదా, మమకారం ఉంటుంది’ అనేయవచ్చు. అది తప్పు కాదు గాని, ప్రశ్ననే కొంచెం తిప్పి జవాబుగా చెప్పడం. అద్దె ఇంటికి చేరినా, హాస్టల్లో నలుగురు పంచుకునే గదికి చేరినా అదే మాట వస్తుంది. నాకు తోచినది వేరు. ఇల్లు మనకు కొత్తగా ఏదీ ఇవ్వదు. బయట ఉన్నంత కాలం మనకే తెలియకుండా పెడుతున్న ఒక ఖర్చును ఆపుతుంది, అంతే. ఆ ఖర్చు పేరు కాపలా. హమ్మయ్య అంటే కాపలా దిగిన మనిషి అనే మాట.

సగం మెదడు మేలుకుని

కొత్త చోట మొదటి రాత్రి నిద్ర సరిగ్గా పట్టకపోవడం అందరికీ తెలిసిన అనుభవమే. నిద్ర మీద పరిశోధన చేసే ప్రయోగశాలలకు అది పాత తలనొప్పి. తలకు తీగలు అంటించి పడుకోబెట్టిన మొదటి రాత్రి కొలతలు తర్వాతి రాత్రుల కొలతలతో పొసగేవి కావు. 1966లో అగ్న్యూ, వెబ్, విలియమ్స్ అనే అమెరికన్ పరిశోధకులు ఈ తేడాను లెక్కగట్టి చూపించారు. దానికి ‘మొదటి రాత్రి ప్రభావం’ అన్న పేరు స్థిరపడింది. ఆ తర్వాత ఆ రాత్రి లెక్కలను పక్కన పడేసి రెండో రాత్రి నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ అయింది.

అలా పారేస్తున్న రాత్రినే ఏరుకుని పరిశీలించింది బ్రౌన్ విశ్వవిద్యాలయంలోని మసాకో తమాకి, యూకా ససాకిల బృందం. 2016లో వారు వెల్లడించిన ఫలితం ఇది. కొత్త చోట మొదటిసారి గాఢనిద్రలోకి జారినప్పుడు మెదడు రెండు సగాలూ ఒకేలా నిద్రపోవు. ఎడమ సగంలోని కొన్ని భాగాలు కుడి సగం అంత లోతుగా మునగవు. నిద్రలో ఉన్నవారి కుడి చెవికి వింత శబ్దం ఒకటి వినిపించారు. కుడి చెవి కబురు ప్రధానంగా ఎడమ మెదడుకే చేరుతుంది. ఎడమ చెవికి వినిపించినప్పటి కంటే అప్పుడు వారు తేలికగా, త్వరగా మేలుకున్నారు. వారం తర్వాత అదే చోట మళ్లీ పడుకోబెడితే ఈ తేడా కనిపించలేదు.

డాల్ఫిన్లు సగం మెదడును నిద్రపుచ్చి మిగతా సగంతో ఈదుతుంటాయి. మనుషులలో అంత స్పష్టమైన పంపకం లేదు. ఈ ప్రయోగం చూసింది కూడా గాఢనిద్ర తొలి విడతనే కనుక, తెల్లవార్లూ ఎడమ సగమే కాపలా కాస్తుందా, మధ్యలో కుడివైపుతో వంతు మారుతుందా అన్నది దీన్నిబట్టి తేలదు. కాని ఆ ఒక్క విడత చాలు, మనం ‘కోడికునుకు’ అని తేలిగ్గా అనేసే నిద్ర వెనక ఎంత ఏర్పాటు ఉందో తెలియడానికి.

ఈ కాపలా పెట్టమని ఎవరూ చెప్పలేదు. తలుపు గడియ పడిందని మనకు తెలుసు, భయపడాల్సింది ఏమీ లేదనీ తెలుసు. అయినా ఆ గది శబ్దాల పట్టిక మెదడు దగ్గర ఇంకా సిద్ధం కాలేదు. మన ఇంట్లో ఫ్రిజ్ అర్ధరాత్రి ఒక్కసారి వణికి ఆగుతుంది. ఆ చప్పుడు చెవిన పడుతూనే ఉంటుంది, నిద్ర చెక్కుచెదరదు. కొత్త గదిలో గోడ అవతల నీళ్ల గొట్టం టక్కుమంటే మాత్రం అదేమిటో తేలేదాకా ఎవరో ఒకరు లేచి కూర్చోవాలి. ఆ ఎవరో మన మెదడులోనే ఉన్నారు.

ఇంటికి చేరిన రాత్రి ఒళ్లు తెలియని నిద్ర పడితే ప్రయాణపు అలసట అనుకుంటాం. సగమే నిజం. వెళ్లిన రోజు కూడా అంతే అలసటతో ఆ కొత్త పరుపు మీద వాలాం కదా, అప్పుడెందుకు పట్టలేదు?

చేతికి తెలిసిన ఇల్లు

పగటి కాపలా వేరే రకం. అది చిల్లర ఖర్చు.

విడిది గదిలో తలుపు పక్కన ఏడు స్విచ్చులుంటాయి. ఫ్యాను ఏదో తెలుసుకోవడానికి నాలుగు దీపాలు వెలిగించి ఆర్పాలి. స్నానాల గదిలో కుళాయి ఎటు తిప్పితే వేడినీళ్లో మొదటిరోజు చర్మమే తేల్చి చెబుతుంది. ఫోను చార్జరు పెట్టే చోటు మంచం వెనక, చెయ్యి పట్టనంత సందులో ఉంటుంది. గది తాళం ఏ జేబులో పెట్టామో రోజుకు పదిసార్లు తడుముకుంటాం. వీటిలో ఏదీ కష్టమైన పని కాదు. కాని ఇంటి దగ్గర వీటిలో ఒక్కదానికైనా మనసు పెట్టిన గుర్తు ఉందా?

అలవాట్ల మీద చాలాకాలంగా పనిచేస్తున్న మనస్తత్వ శాస్త్రవేత్త వెండీ వుడ్ తన సహచరులతో కలిసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, విద్యార్థులు గంటగంటకూ తాము ఆ క్షణాన ఏం చేస్తున్నారో, దేని గురించి ఆలోచిస్తున్నారో రాసుకున్నారు. దాదాపు రోజూ, అదే చోట చేసే పనులు మొత్తంలో సుమారు 43 శాతమని తేలింది. అలాంటి పనులు చేస్తున్నప్పుడు మనసు తరచూ మరో విషయం మీదే ఉంది. 2005లో వచ్చిన మరో అధ్యయనంలో వారు ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి మారిన విద్యార్థులను గమనించారు. వ్యాయామం, పత్రికలు చదవడం, టీవీ చూడడం వంటి అలవాట్లు నిలిచాయా లేదా అన్నది పరిసరాలు ఎంత మారాయన్న దాన్నిబట్టి ఉంది. అలవాటు మనలోనే ఉంటుందని అనుకుంటాం. నిజానికి సగం మనలో, సగం ఆ గోడలోనూ ఆ కుర్చీలోనూ ఉంటుంది. ఊరు విడిచి వెళ్లినప్పుడు ఆ రెండో సగాన్ని ఇంట్లోనే వదిలి వెళ్తాం. దాని పని కూడా మనసే చేయాల్సి వస్తుంది.

మెదడులో స్థలాల లెక్క చూసే ఏర్పాటు ఎలా ఉంటుందో కూడా కొంతవరకు తెలిసింది. ఎలుక ఒక ఫలానా చోట ఉన్నప్పుడే స్పందించే కణాలు హిప్పోకాంపస్ అనే భాగంలో ఉన్నాయని జాన్ ఓకీఫ్ 1971లో తన సహచరుడితో కలిసి చూపించాడు. దాని పక్క భాగంలో, నేలంతా సమాన దూరాల గళ్లు గీసి కొలుస్తున్నట్టు స్పందించే కణాలను మోసర్ దంపతుల బృందం 2005లో పట్టుకుంది. ముగ్గురికీ 2014లో వైద్యరంగ నోబెల్ బహుమతి దక్కింది. కొత్త గదిలో ఈ పటాన్ని కొత్తగా గీసుకోవాలి. ఇంట్లో అది ఎప్పుడో గీసి, ఆరి, గట్టిపడి ఉంది. చీకట్లో స్విచ్చు వెతుక్కోని చెయ్యి ఆ పటం మీదే నడుస్తోంది.

ఇల్లు చేరడం గురించి చదివిన వాటిలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది చీమల కథ. సహారాలోని ఉప్పు మైదానాల్లో ఒక జాతి చీమ ఆహారం కోసం వంకర టింకరగా చాలా దూరం వెళ్తుంది. దొరికిన మరుక్షణం పుట్టకు గీత గీసినట్టు తిన్నగా తిరిగి వస్తుంది. గుర్తు పెట్టుకోవడానికి అక్కడ చెట్టూ చేమా లేవు. 2006లో విట్లింగర్, వేనర్, వోల్ఫ్ అనే పరిశోధకులు తిరుగు ప్రయాణం మొదలుపెట్టబోయే చీమల కాళ్లకు పంది వెంట్రుకల ముక్కలు అతికించి వాటిని పొడుగు కాళ్లుగా మార్చారు. ఆ చీమలు పుట్టను దాటి చాలా దూరం పోయి, అక్కడ ఆగి, పుట్ట కోసం వెతకడం మొదలుపెట్టాయి. కాళ్లు పొట్టి చేసిన చీమలు చేరకముందే ఆగిపోయాయి. అంటే అవి అడుగులు లెక్కపెడుతున్నాయి. కాళ్లు మారినా లెక్క మారలేదు. తాళం తిప్పే ముందు తలుపును లాగే చేతిని చూసినప్పుడల్లా నాకు ఆ చీమలే గుర్తొస్తాయి. పొరపాటున ఎవరైనా తాళం బాగుచేసి పెడితే ఆ చెయ్యి ఎన్నాళ్లు అనవసరంగా లాగుతుందో!

మూడు రోజులకు మాయమయ్యే వాసన

తలుపు తెరిచిన మొదటి నిమిషంలో మాత్రమే దొరికేది ఒకటుంది. అది ఇంటి వాసన. ప్రతి ఇంటికీ ఒకటి ఉంటుంది, ఇతరుల ఇళ్లకు వెళ్లినప్పుడు గడపలోనే తెలిసిపోతుంది. మన ఇంటిది మాత్రం మనకు తెలియదు, దూరంగా ఉండి వస్తే తప్ప.

ఒకే వాసన ఎడతెగకుండా తగులుతుంటే ముక్కు కాసేపటికే దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. వారాల తరబడి తగిలితే ఆ మొద్దుబారడం ఇంకా లోతుకు పోతుంది. పమేలా డాల్టన్, చార్లెస్ వైసోకీ 1996లో ప్రచురించిన ప్రయోగంలో కొందరి ఇళ్లలో రెండు వారాల పాటు ఒక వాసనను ఉంచారు. ఆ వాసన పట్ల వారి ముక్కు చురుకుదనం తగ్గింది. వాసనను తీసేశాక కూడా అది వెంటనే తిరిగి రాలేదు. రెండు రోజుల పనిమీద వెళ్లి వచ్చినప్పుడు ఇల్లు ఏ వాసనా లేనట్టుండి, నెల తర్వాత వచ్చినప్పుడు గుప్పుమనడానికి ఇది ఒక కారణం కావచ్చు. ఇంకొక కారణం మరీ మామూలుది: మూసి ఉంచిన ఇంట్లో గాలి ఆడక చెక్క, బట్టలు, పుస్తకాల వాసనలన్నీ పోగుపడతాయి.

(గుప్పుమన్న దాంట్లో మురుగు వాసన కూడా కలిసి ఉంటే కంగారు పడనక్కర్లేదు. సింకు కింద గొట్టం వంపులో కాసిని నీళ్లు నిలిచి, కాలువలోని గాలి పైకి రాకుండా అడ్డు పడుతుంటాయి. వారాల తరబడి వాడకపోతే ఆ నీళ్లు ఆవిరైపోతాయి. కుళాయి ఒక నిమిషం తిప్పితే చాలు.)

చూపు, వినికిడి వంటి ఇంద్రియాల సమాచారం మెదడులో థాలమస్ అనే కూడలి మీదుగా వెళ్తుంది. వాసనకు ఆ కూడలి దగ్గర ఆగే పని లేదు. భావోద్వేగాలను చూసే అమిగ్డాలాకు ముక్కు నుంచి దగ్గరి దారి ఉంది. అందుకే కాబోలు, దీపం వెలిగించి ఇల్లు ఎలా ఉందో చూసుకోకముందే భుజాలు దిగిపోతాయి. కాపలాదారుకు సంకేతపదం అందినట్టు.

ముగింపులో పుట్టే సుఖం

హాయి ఇంట్లో లేదు, కాపలా ముగియడంలో ఉంది అన్నాను కదా. అదే నిజమైతే అది నిలిచి ఉండకూడదు. నిజంగానే ఉండదు. మొదటి రాత్రి స్వర్గంలా తోచిన మంచం నాలుగో రాత్రికి మంచమే.

1974లో రిచర్డ్ సాలమన్, జాన్ కార్బిట్ ప్రతిపాదించిన ఒక సిద్ధాంతం దీనికి బాగా అమరుతుంది. ఒక బలమైన భావం మనలో లేచినప్పుడు దాన్ని సమం చేయడానికి వ్యతిరేక దిశలో మరొకటి మొదలవుతుంది. మొదటిదానికి కారణం తొలగగానే అది చప్పున ఆగుతుంది, రెండోది మాత్రం కొంతసేపు మిగిలి నెమ్మదిగా అణుగుతుంది. వారి ఉదాహరణల్లో ఒకటి పారాచూట్‌తో దూకేవారు: గాలిలో భయం, నేల తాకాక ఉల్లాసం. ఆ ఉల్లాసం నేలది కాదు. అదే నేల మీద రోజూ నడుస్తున్నా రాదు. గడపది కూడా అదే కథ అని నా అనుమానం.

ఇక్కడ తిరుగు దారి గురించి ఒక మాట. వెళ్లిన దారి కంటే వచ్చిన దారి పొట్టిగా అనిపించడం భ్రమ కాదు, అంటే అలా అనిపించడం మాత్రం నిజమే. నీల్స్ వాన్ డి వెన్ బృందం 2011లో బస్సు ప్రయాణం, సైకిలు ప్రయాణం, వీడియో చూపించడం వంటి పద్ధతులతో పరీక్షిస్తే తిరుగు ప్రయాణం సగటున 22 శాతం తక్కువ సమయంగా తోచింది. దారి తెలిసినది కనుక అనుకుంటాం. కాని సైకిలు మీద అంతే దూరం ఉన్న వేరే దారిలో తిరిగి వచ్చినవారికీ అలాగే అనిపించింది. వారి వివరణ ఏమిటంటే, వెళ్లేటప్పుడు ఇట్టే చేరిపోతామని ఆశపడి అబ్బ, ఇంత దూరమా అనుకుంటాం. వచ్చేటప్పుడు ఆ దెబ్బకు పెద్ద అంచనాతో బయలుదేరి, అప్పుడే వచ్చేశామా అంటాం. హమ్మయ్యకు ఇదొక చిన్న బయానా.

అన్నట్టు, సెలవు ప్రయాణాలు మనల్ని తిరిగి వచ్చాక కూడా ఆనందంగా ఉంచుతాయన్నది పెద్దగా నిలబడని నమ్మకం. యెరూన్ నావైన్ బృందం 2010లో 1,530 మంది డచ్ వయోజనులను పరిశీలించి, ప్రయాణం చేసేవారిలో అదనపు ఆనందం ఎక్కువగా వెళ్లకముందే కనిపిస్తుందని చూపింది. తిరిగి వచ్చాక, ప్రయాణం చాలా విశ్రాంతిగా గడిచిందన్నవారిని మినహాయిస్తే, వెళ్లినవారికీ వెళ్లనివారికీ తేడా లేదు.

ఆ మాట రాని గడపలు

ఇల్లు అనగానే హాయి అని రాసేయడం తేలిక. అందరి గడపా అలాంటిది కాదు. డార్బీ సాక్స్‌బీ, రీనా రెపెటి 2010లో ప్రచురించిన పరిశోధనలో దంపతులు తమ ఇంటిని తామే తిప్పి చూపిస్తూ మాట్లాడారు. ‘అంతా చిందరవందర’, ‘ఇది ఇంకా పూర్తి కాలేదు’ అన్న ధోరణిలో మాట్లాడిన భార్యలలో, ఒత్తిడికి సంబంధించిన కార్టిసోల్ అనే హార్మోను రోజు గడిచేకొద్దీ తగ్గాల్సినంతగా తగ్గలేదు. భర్తల్లో అలాంటి సంబంధం స్పష్టంగా కనిపించలేదు. అదే ఇల్లు, అదే చెత్త. ఒకరికి అది విశ్రాంతి స్థలం, ఇంకొకరికి ఎదురుచూస్తున్న పనుల జాబితా. ప్రయాణం నుంచి ఇద్దరూ ఒకేసారి చేరినా, సంచుల్లోని మాసిన బట్టలు ఎవరి కంట పడతాయో దాన్నిబట్టి హమ్మయ్య ఎవరిదో తేలిపోతుంది.

ఇంట్లో భయం ఉన్నవారి సంగతి మరీ వేరు. తలుపు తీసే చప్పుడును బట్టి లోపలి మనిషి కోపాన్ని అంచనా వేయాల్సి వచ్చే చోట కాపలా దిగేది గడప దగ్గర కాదు, అక్కడే ఎక్కుతుంది. అలాంటివారికి పరాయి గదిలోనే ఒళ్లు తెలియని నిద్ర పట్టవచ్చు. గోడలు, పటాలు, వాసనలు అన్నీ తెలిసినవే, అయినా హాయి లేదు. తెలిసినతనం ఒక్కటే సరిపోదని, ఆ తెలిసిన దాంట్లో ప్రమాదం లేదన్న నమ్మకం కావాలని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఏళ్ల తరబడి దూరంగా ఉండి వచ్చేవారిది ఇంకో చిక్కు. 1688లో బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటి బెంగను ఒక జబ్బుగా వర్ణించి, గ్రీకులో ‘ఇల్లు చేరడం’, ‘బాధ’ అనే అర్థాలున్న రెండు మాటలు కలిపి నోస్టాల్జియా అని పేరు పెట్టాడు. ఇంటికి పంపడమే దానికి మందనుకున్నారు. ఆ మందు ప్రతిసారీ పనిచేయదని తర్వాత తెలిసింది. విదేశాల్లో ఉండి వచ్చిన అమెరికన్లను పరిశీలించిన గల్లహార్న్ దంపతులు, పరాయి దేశంలో సర్దుకునేటప్పుడు పడిన పల్లం లాంటిదే సొంత దేశంలోనూ ఎదురవుతుందని 1963లో రాశారు. పరాయి చోట కాపలాకు మనం సిద్ధపడే వెళ్తాం. ఇంటి దగ్గర సిద్ధపడం. పాత పటం చేతిలో పెట్టుకుని దిగుతాం, వీధి మారి ఉంటుంది. పొడుగు కాళ్ల చీమలాగే, పుట్ట ఉండాల్సిన చోట ఆగి చుట్టూ తిరుగుతాం.

ఖండాలు దాటి వచ్చినవారికి ఇంకొన్ని రోజులు ఆలస్యం. మనిషి ఇల్లు చేరినా ఒంట్లో గడియారం చేరదు. చార్లెస్ సైస్లర్ బృందం 1999లో కొలిచినప్పుడు ఆ గడియారం రోజు సగటున 24 గంటల కంటే పదకొండు నిమిషాలు ఎక్కువని తేలింది. రోజును సాగదీయడం దానికి తేలిక, కుదించడం కష్టం. అందుకే పడమటి వైపు ప్రయాణం కంటే తూర్పు వైపు ప్రయాణం ఎక్కువ బాధిస్తుంది. తెల్లవారుజామున మూడింటికి కళ్లు తెరిచి, సొంత మంచం మీదే, దీపం కోసం విడిది గదిలో స్విచ్చు ఉన్న వైపు చెయ్యి చాపుతాం. గోడ తగులుతుంది.

మూడో రోజుకో నాలుగో రోజుకో చెయ్యి మళ్లీ దారిలో పడుతుంది. ఇంటి వాసన మాయమై, ఇల్లు ఏ వాసనా లేని చోటుగా మారిపోతుంది. వచ్చిన రాత్రి మూల పెట్టిన సంచి ఒక్కటి అలాగే ఉంటుంది, రేపు సర్దుదాంలే అని. చివరికి ఒక సాయంత్రం కూర్చుని జిప్పు లాగితే, మడతలు నలిగిన చొక్కాల్లోంచి ఆ విడిది గది వాసన ఒక్కసారిగా బయటికి వస్తుంది. అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ గదికి ఒక వాసన ఉందనే గమనించలేదు.